వెంట్రుకకు చిక్కిన చేప

"కొండకు వెంట్రుక కట్టి లాగు; వస్తే కొండ వస్తుంది, పోతే వెంట్రుక పోతుంది" అని మన పెద్దలు అంటూ ఉంటారు. పిల్లలూ, ఈ మాట మీరూ వినే ఉంటారు. కొండకు వెంట్రుక కట్టి లాగినవాణ్ణి నేను చూడలేదు గాని, చేపల గాలానికి నిజంగానే మనిషి వెంట్రుక కట్టిన వాళ్ళు ఇంగ్లండులో ఉన్నారు. ఆ వెంట్రుక పుణ్యమా అని పది కిలోలు, పదిహేను కిలోలు తూగే చేపలు ఒడ్డుకు వచ్చాయి. ఒక్క వెంట్రుక ఎంత బరువు మోస్తుందో మీకు తెలుసునా? మహా అయితే వంద గ్రాములు. మరి పదిహేను కిలోల చేపను అది ఎట్లా పట్టింది? ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ముందు మన గాలం మాట చూద్దాం. నా చిన్నతనంలో సెలవులు వస్తే చాలు, చెరువుగట్టున తుమ్మచెట్టు నీడన చేరేవాణ్ణి. ఒక వెదురుకర్ర, దాని కొసకు తంగూసు దారం, దారానికి నెమలి ఈక కాడతో చేసిన బెండు, కింద చిన్న సీసపు ముక్క, చివర కొక్కెం, కొక్కేనికి వానపాము. ఇదే నా సరంజామా అంతా. బెండు ఇట్టే కదిలేది. నేను గుండె చిక్కబట్టుకుని కర్ర పైకి లాగేవాణ్ణి. చూస్తే ఏమున్నది? ఖాళీ కొక్కెం నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు తళతళలాడేది. మా తాత ఒడ్డున తువాలు పరచుకుని కూర్చుని నవ్వేవాడు. "ఎర అది తిన్నదిరా, గాలం నీకు వదిలింది. న్యాయంగానే పంచుకున్నది గదా!" అనేవాడు.

చేతులు లేని చేప, చూరుకు పెట్టిన ఉట్టిలోంచి వెన్న తీసినట్టు, కొక్కెం మీది ఎరను ఎట్లా ఊడ్చుకుపోతుంది? ఆ రోజుల్లో నాకు జవాబు దొరకలేదు. జవాబు దొరకాలంటే చేప నోట్లోకి తొంగిచూడాలి. 

కార్పు జాతి చేపలు మనకు కొత్తవి కావు. మీ ఇంట కూర వండుకునే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఈ కుటుంబంలోవే. వీటికి సీమదాయాది ఒకటున్నది. దాన్ని మన జాలరులు బంగారుతీగ అంటారు. ఇది మన దేశపు చేప కాదు. 1939లో ఒక రకాన్ని సింహళం నుంచి నీలగిరికి తెచ్చారు. 1957లో మరో రకాన్ని బాంకాకు నుంచి కటకానికి తెచ్చారు. ఇప్పుడు మన చెరువుల్లో కూడా పెంచుతున్నారు. ఇంగ్లండులో కార్పు అంటే ఈ బంగారుతీగే. అక్కడికి కూడా అది పరాయి చేపే. కొన్ని వందల ఏళ్ళ కిందట, తిండి కోసం చెరువుల్లో పెంచటానికి తెచ్చారు.

బంగారుతీగ బురదలో తిండి వెతుక్కునే చేప. దాని మూతికి రెండు జతల మీసాలుంటాయి. అవి అందానికి కావు సుమా! మన నాలుకలాగా ఆ మీసాలు రుచి చూస్తాయి. చేప తల కిందికి వంచి, నోటిని గొట్టంలాగా ముందుకు సాచి, లోపలి ఖాళీని ఒక్కసారిగా పెద్దది చేస్తుంది. పిచికారీ లాగినప్పుడు నీరు లోపలికి వచ్చినట్టే, బురదా, నీరూ, పురుగులూ, గింజలూ అన్నీ బుస్సున నోట్లోకి వస్తాయి.

అసలు విడ్డూరం ఆ తరువాత జరుగుతుంది. మన నోటి పైకప్పు గట్టిగా ఉంటుంది గదా. కార్పు నోటి పైకప్పున మెత్తని కండ ఉన్నది. ఆ కండనిండా రుచి తెలిపే మొగ్గలే! ఎక్కడ తిండి తగిలితే అక్కడ కండ కాస్త ఉబ్బి, దాన్ని అదిమి పట్టుకుంటుంది. మిగతా బురదా, ఇసుకా మొప్పల వెంట, నోటి వెంట బయటికి పోతాయి. మీ అమ్మ చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరుతుందే, కార్పు ఆ పనిని నోటిలోనే, చేతులు లేకుండా, చీకట్లో చేస్తుందన్నమాట. ఏరిన తిండిని గొంతులోకి తోస్తుంది. దవడలకు ఒక్క పన్నయినా లేదు గాని, గొంతులో గట్టి పళ్ళున్నాయి. అవి నత్తగుల్లలను సైతం పిండి చేస్తాయి.

ఇప్పుడు మా చెరువు దగ్గరికి రండి. వానపామును గుచ్చిన కొక్కెం చేప నోట్లోకి వచ్చింది. నోరు చేటలాగా పనిచేసింది. "ఇది మెత్తగా ఉన్నది, తిండి. ఇది చల్లగా, గట్టిగా ఉన్నది, రాయి" అని తేల్చుకుని, ఉఫ్‌మని బయటికి ఊదేసింది. ఇదంతా జరగటానికి కనురెప్ప పాటు చాలు. నేను బెండు కదిలిందని చూసి కర్ర లాగేసరికి చేప తన పని ముగించుకుని వెళ్ళిపోయింది!

ఇంగ్లండు వాళ్ళకూ ఇదే తంటా వచ్చింది. పెద్ద కార్పును గాలంతో పట్టటం మనిషి వల్ల అయ్యే పని కాదని అక్కడ చాలాకాలం అనుకునేవారు. రిచర్డ్ వాకర్ అనే ఆయన మాత్రం అట్లా అనుకోలేదు. ఆయన వృత్తికి ఇంజనీరు. చేపల పట్టుదలకంటె ఆయన పట్టుదల పెద్దది. రాత్రంతా కళ్ళు కాయలు కాచేలా దారం కేసి చూస్తూ కూర్చోవటం ఎందుకని, చేప దారం లాగగానే మోగే విద్యుత్ గంట ఒకటి తయారు చేసుకున్నాడు. 1952 సెప్టెంబరు 13 తెల్లవారుజామున, చీకటి విడవకముందే, రెడ్‌మైర్ అనే చిన్న మడుగులో రొట్టెను ఎరగా వేసి ఒక కార్పును పట్టాడు. అది 44 పౌన్లు తూగింది. అంటే సుమారు 20 కిలోలు! రెండేళ్ళ వయసున్న మీ తమ్ముడు తూగే దానికి కాస్త అటూ ఇటూ రెట్టింపు అనుకోండి. ఆయన దాన్ని చంపలేదు. లండను జంతు ప్రదర్శనశాలకు కబురు చేశాడు. వాళ్ళు వచ్చి ప్రాణంతో తీసుకుపోయి నీళ్ళ తొట్టిలో పెట్టారు. ఆ చేపకు క్లారిస్సా అని పేరుపెట్టారు. ఎందరో పిల్లలు దాన్ని చూశారు. అది 1971 దాకా అక్కడే బ్రతికింది.

వాకరు తరువాత కార్పు వేట ఒక విద్యలాగా పెరిగింది. పట్టిన చేపను తూచి, ఫోటో తీసి, మళ్ళీ నీళ్ళలోనే వదలటం అక్కడ ఆచారం. తినని చేపను పట్టటమెందుకు అని మనకు తోస్తుంది. నాకు కూడా ఈ వినోదం పూర్తిగా మింగుడు పడలేదు. అయితే ఈ ఆచారం వల్ల ఒక చిత్రమైన ఫలితం కలిగింది. ఒకసారి గాలానికి తగిలి వదలబడిన చేప మళ్ళీ చెరువులోకి పోయింది గదా, అది ఊరుకుంటుందా? పాఠం నేర్చుకున్నది!

ఇది వట్టి మాట కాదు. నెదర్లాండ్స్ దేశంలో బ్యూకెమా అనే శాస్త్రజ్ఞుడు చెరువుల్లో కార్పులను వదిలి, గాలాలు వేయించి, పట్టిన ప్రతి చేపనూ గుర్తుపెట్టి మళ్ళీ వదిలించాడు. ఒక్కసారి కొక్కెం గుచ్చుకున్న కార్పు ఆ తరువాత చాలాకాలం గాలం దగ్గర మహా జాగ్రత్తగా ఉంటుందని 1970లో ప్రకటించాడు. ఒక్క దెబ్బతోనే పాఠం వచ్చిందన్నమాట. మనలో కొందరికి ఎక్కం రావటానికి ఎన్ని మొట్టికాయలు పడతాయో మీకు నేను చెప్పాలా!

ఇట్లా చేపలు చదువుకుంటూ పోతే, మనుషులు ఏం చేయాలి? 1970 తరువాతి సంవత్సరాలలో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు మిత్రులు ఈ చిక్కుముడి విప్పటానికి పూనుకున్నారు. వాళ్ళు మంచిపని చేశారు. చెరువు గట్టున కూర్చుని ఊహలు చేయటం మాని, గాజుతొట్టిలో కార్పులను పెట్టి, అవి తినే తీరును కళ్ళారా చూశారు. విడి ఎర వేస్తే చేప నిస్సంకోచంగా మింగింది. అదే ఎరను కొక్కేనికి గుచ్చి వేస్తే, నోట్లోకి పీల్చి వెంటనే ఊదేసింది. తేడా ఎక్కడున్నది? ఎరలో లేదు. ఎరకు అంటుకుని ఉన్న ఇనుములో ఉన్నది.

అయితే ఎరను కొక్కేనికి గుచ్చకుండా ఉంటే? ఎర విడిగా ఉండాలి. కాని కొక్కెం దాని వెంటే నోట్లోకి పోవాలి. రెంటికీ నడుమ ఏదో ఒక బంధం ఉండాలి; కాని ఆ బంధం ఉన్నట్టు చేపకు తెలియకూడదు. అంత సన్ననిది, అంత మెత్తనిది ఏమున్నది? ఆడవాళ్ళ తలవెంట్రుక! ఒక పొడుగాటి వెంట్రుక తీసుకుని, ఒక కొస కొక్కెం వంపుకు కట్టి, రెండో కొసకు ఎరను కట్టారు. కొక్కెం మొన శుభ్రంగా, ఖాళీగా ఉన్నది. చేప ఎరను పీల్చింది. ఎర వెనకాలే వెంట్రుక, వెంట్రుక వెనకాలే కొక్కెం. పెళ్ళికొడుకు వెనక తోడుపెళ్ళికొడుకు వచ్చినట్టు చప్పుడు లేకుండా లోపలికి వచ్చింది. వెంట్రుక మోయవలసినది ఎర బరువును మాత్రమే. చేపను మోసేది కొక్కెమూ, గట్టి దారమూను. మొదట్లో మీకు వేసిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ రహస్యం కొంతకాలం కొద్దిమందికే తెలిసి ఉన్నది. 1981లో మాడక్సు రాసిన పుస్తకం వచ్చాక లోకమంతా పాకింది. ఇప్పుడు వెంట్రుక ఎవరూ వాడటం లేదు. సన్నని దారమే వాడతారు. అయినా పేరు మాత్రం 'వెంట్రుక కట్టు' అనే నిలిచిపోయింది.

ఇక ఈ కట్టు ఎట్లా కడతారో చూడండి. దారం చివర చిన్న ఉచ్చు వేస్తారు. ఈ ఉచ్చే ఎరను పట్టుకునే చోటు. తరువాత దారాన్ని కొక్కెం కన్నులోంచి దూర్చి, ఉచ్చు ఉన్న కొసను కాడ వెంట కిందికి జారవిడుస్తారు. అది కొక్కెం వంపు దాటి కాస్త వేలాడాలి. ఆ వేలాడే ముక్కే 'వెంట్రుక'. ఇప్పుడు పొడుగు దారాన్ని తీసుకుని, కాడకూ వెంట్రుకకూ కలిపి, పైనుంచి కిందికి ఏడెనిమిది చుట్లు, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా చుట్టాలి. బొంగరానికి తాడు చుట్టినట్టే. చివరికి దారాన్ని మళ్ళీ కన్నులోంచి దూర్చి, తడిచేసి, మెల్లగా బిగిస్తారు. చూశారా, ఇందులో ముడి అన్నది ఒక్కటీ లేదు! చుట్లు ఒకదానినొకటి అదుముకుని ఉండటమే బలం. లాగినకొద్దీ ఇంకా బిగుస్తుంది. అందుకే దీన్ని ముడిలేని ముడి అంటారు.

తడి చేయటమెందుకు? నైలాను దారాన్ని పొడిగా బిగిస్తే ఒరిపిడికి వేడెక్కి, అక్కడ బలహీనమవుతుంది. తరువాత పెద్ద చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. ఒక చిన్న విషయం మరిచిపోతే ఈ కట్టు అంతా దండుగ. ఆఖరుసారి కన్నులోంచి దూర్చేటప్పుడు దారం కొక్కెం మొన ఉన్న వైపుకు బయటికి రావాలి. అట్లా వస్తే, దారం లాగినప్పుడు కొక్కెం గిరుక్కున తిరిగి మొన కిందికి వాలుతుంది, చేప కింది పెదవిలో దిగుతుంది. తప్పువైపు నుంచి వస్తే కొక్కెం తిన్నగా, పుల్లలాగా, నోట్లోంచి జారిపోతుంది. చుట్లన్నీ సరిగానే ఉంటాయి, చేప మాత్రం దొరకదు. కొత్తవాళ్ళు పొరపడేది ఇక్కడే.

ఎర సంగతి చెబితే మీకు నవ్వు వస్తుంది. పిండిలో కోడిగుడ్డు కలిపి, గోలీలంత ఉండలు చేసి, మరిగే నీళ్ళలో వేసి తీస్తారు. అచ్చంగా మన ఉండ్రాళ్ళే! వేడికి గుడ్డు గట్టిపడి ఉండకు చుట్టూ తోలు కడుతుంది. అప్పుడు చిల్లర చేపలు దాన్ని పొడిచి పాడుచేయలేవు. పెద్ద నోరున్న కార్పు మాత్రం టక్కున పీలుస్తుంది. పూసను గుచ్చినట్టు ఉండను సూదితో పొడిచి, వెంట్రుక ఉచ్చును దానిలోంచి లాగి, జారిపోకుండా ఉచ్చులో చిన్న పుల్ల అడ్డం పెడతారు.

కట్టు పూర్తయింది. కాని మా చెరువు దగ్గరి చిక్కు ఇంకా తీరలేదు. చేప కనురెప్ప పాటులో ఊదేస్తుంది గదా. ఒడ్డున ఉన్న మనిషి ఎంత చురుకైనవాడైనా అంతలో లాగగలడా? లాగలేడు. అందుకని లాగే పనిని చేపకే అప్పగించారు! కొక్కెం దారానికి రెండు మూడు జానెల లోపు దూరంలోనే 60 నుంచి 100 గ్రాముల బరువు కడతారు. ఎర పీల్చిన చేప తల ఎత్తబోతుంది. దారం బిగుస్తుంది, మొన చురుక్కుమంటుంది. చేప బెదిరి ఒక్క ఉరుకు ఉరుకుతుంది. బరువు వెనక్కు లాగుతుంది. ఆ లాగుడుకు కొక్కెం దిగుతుంది. మనిషి టీ తాగుతూ కూర్చున్నా సరే, గంట మోగేసరికి పని అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్న సరదా అయిన భాగం. వీణ తీగలు బిగించి శ్రుతి చేసినట్టు, ఈ కట్టును కూడా శ్రుతి చేయాలి. చెరువు చెరువుకూ శ్రుతి మారుతుంది.

బరువు సంగతి చూడండి. నీటిలో మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువంత బరువు కోల్పోతుందని ఆర్కిమిడీసు చెప్పాడని మీ పాఠంలో ఉన్నది. ఉక్కు నీటికన్న దాదాపు ఎనిమిది రెట్లు సాంద్రమైనది. కనుక కొక్కెం నీళ్ళలో తన బరువులో ఎనిమిదో వంతే పోగొట్టుకుంటుంది. ఉండ మాత్రం నీటికన్న కొంచెమే బరువైనది. నీళ్ళలో అది తన బరువు దాదాపు అంతా పోగొట్టుకుంటుంది. ఒడ్డున తూస్తే ఉండ బరువు ఎక్కువ, కొక్కెం బరువు తక్కువ. నీళ్ళలో తూస్తే వ్యవహారం తారుమారు! విడి ఉండలు చేప పీల్పుకు ఎగిరి నోట్లో పడుతుంటే, కట్టిన ఉండ మాత్రం బద్ధకంగా కదిలితే చేపకు అనుమానం రాదా?

దీనికి మందు బెండుముక్క. ఎర పక్కనే వెంట్రుకకు చిన్న బెండుముక్క గుచ్చుతారు. అది పైకి లేపుతుంది, కొక్కెం కిందికి లాగుతుంది. గ్లాసు నీళ్ళలో వేసి చూస్తారు. తేలితే బెండును చాకుతో కొంచెం చెక్కుతారు. మళ్ళీ వేసి చూస్తారు. మళ్ళీ చెక్కుతారు. చివరికి అది గ్లాసులో పక్షి ఈక గాలిలో దిగినట్టు నెమ్మదిగా, ఊగుతూ దిగుతుంది. అదీ శ్రుతి కుదరటమంటే. ఈ పనిలో ఓపిక లేనివాడు ఒక్కసారి ఎక్కువ చెక్కి మొదటికి తెచ్చుకుంటాడు.

చెరువు అడుగు మెత్తని బురద అయితే ఉండ అందులో కూరుకుపోతుంది. అప్పుడు బెండు ఎక్కువ పెట్టి, ఉండ అడుగుకు ఒక అంగుళం పైన నిలిచేట్టు చేస్తారు. కొక్కెం దారం కూడా కాస్త పొడుగు పెడతారు. అడుగు గట్టి కంకర అయితే పొట్టిదారం చాలు, జానెడు మించి అక్కరలేదు. వెంట్రుక పొడుగు కూడా చూసుకోవాలి. ఎర కొక్కెం వంపును ఆనుకుని ఉంటే కొక్కెం తిరగటానికి చోటుండదు. మరీ దూరమైతే ఎర లోపలికి పోయి కొక్కెం బయటే ఉండిపోతుంది. అర అంగుళం లోపు ఎడం ఉంటే సరిపోతుంది.

ఇంతవరకు చేపను పట్టే నేర్పు గురించే చెప్పాను. చేప పక్షాన కూడా రెండు మాటలు చెప్పకపోతే తప్పు.

అనుకోండి, చేప ఉరికింది, నాచులో దూరింది, పైదారం తెగింది. చేప తప్పించుకున్నదని మీరు సంతోషిస్తారు. కాని దాని పెదవికి కొక్కెం ఉన్నది, కొక్కేనికి దారం ఉన్నది, దారానికి వంద గ్రాముల బరువున్నది! ఎక్కడికి పోయినా ఆ బరువు ఈడ్చుకుంటూ పోవాలి. ఏ చెట్టువేరుకో చిక్కుకుంటే ఇక కదలలేదు. తిండిలేక అక్కడే చస్తుంది. దాన్ని విడిపించేవాడు లేడు. అందుకని తెలిసినవాళ్ళు బరువును గట్టిగా ముడివేయరు. గట్టిగా లాగితే ఊడివచ్చే చిన్న పట్టులో పెడతారు. బరువు ఎక్కడైనా చిక్కుకుంటే అది ఊడిపోతుంది, చేప పోతుంది. కట్టు కట్టినవాడు దాన్ని చెరువులో వేసేముందు తన చేత్తో లాగి, ఊడుతున్నదా లేదా అని చూసుకోవాలి. శ్రుతి చేయటంలో ఇది కూడా ఒక భాగమే. నన్నడిగితే మొదటి భాగం ఇదే. చేప దొరక్కపోతే మనిషికి పోయేది ఒక పూట కాలక్షేపం. ఈ పట్టు ఊడకపోతే చేపకు పోయేది ప్రాణం.

కొక్కెం మొన వెనక చిన్న ఎదురుముల్లు ఉంటుంది చూశారా, అది ఒకసారి దిగితే వెనక్కు రాదు. అది లేని నున్నని కొక్కేలే వాడాలని ఇంగ్లండులో చాలా చెరువుల దగ్గర నియమం పెట్టారు. చేపను నేలమీద పడవేయరు. తడిపిన మెత్తని పరుపు మీద పెడతారు. చేతులు తడుపుకుని గాని ముట్టుకోరు. ఎందుకంటే చేప ఒంటిమీది జిగురే దానికి రోగాలు రాకుండా కాపాడే కవచం. పొడిచేతులతో పట్టుకుంటే అది ఊడివస్తుంది.

ఇంకొక ముచ్చట ఉన్నది, ఇది హంసలది. ఇంగ్లండులో నదులనిండా తెల్లని హంసలుంటాయి. వాటికి పళ్ళు లేవు గదా. తిండి నలగటానికి అవి చిన్న చిన్న గులకరాళ్ళు మింగుతాయి. గాలాలనుంచి జారిన చిన్న సీసపు గుళ్ళను కూడా రాళ్ళే అనుకుని మింగాయి. కడుపులో సీసం అరిగి రక్తంలో కలిసింది. సీసం విషం. హంసల మెడలు వాలిపోయాయి, అవి తిండి తినలేక చచ్చాయి. థేమ్సు నదిలో హంసలు బాగా తగ్గిపోయాయి. అప్పుడు ప్రభుత్వం మేలుకుని, 1987 నుంచి 28 గ్రాముల లోపు సీసపు గుళ్ళ అమ్మకం ఆపించింది. దుమ్ముకణమంత అతి చిన్న గుళ్ళను మాత్రం విడిచిపెట్టింది. హంసలు మళ్ళీ పెరిగాయి. పిల్లలూ, మన ఊళ్ళలో కూడా విసురువల అంచుకు సీసపు గుళ్ళు కడతారు. వాటిని పళ్ళతో నొక్కటం, నోట్లో పెట్టుకోవటం ఎన్నడూ చేయకండి.

మరి ఇంత తెలివైన కట్టు వచ్చాక పాతపద్ధతులు మూలపడ్డాయా? అదీ లేదు. 1980లో, వాకరు చేప దొరికిన ఆ రెడ్‌మైర్ మడుగులోనే, క్రిస్ యేట్సు అనే ఆయన ఒక కార్పును పట్టాడు. అది 51న్నర పౌన్లు, అంటే 23 కిలోలకు పైగా తూగింది. ఆయన వాడినది వెంట్రుకా కాదు, ఉండ్రాయీ కాదు. కొక్కేనికి నేరుగా గుచ్చిన మొక్కజొన్న గింజలు!

ఇప్పుడు మీరు ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. దీనికి చెరువూ వద్దు, కొక్కెమూ వద్దు. నిజం కొక్కెంతో ఆడితే అది ముందు మీ వేలినే పట్టుకుంటుంది. చెరువుగట్టుకు కూడా పెద్దలు తోడులేకుండా వెళ్ళకండి.

రాత్రి నానబెట్టిన శనగలు కొన్ని తీసుకోండి. కాగితాలకు పెట్టే క్లిప్పు ఒకటి తెచ్చి, కొక్కెంలాగా వంచండి. ఒక శనగగింజను ఆ క్లిప్పుకు నేరుగా గుచ్చండి. మరో క్లిప్పు అట్లాగే వంచి, దానికి దారంతో వెంట్రుక కట్టు కట్టి, దారం కొసకు శనగగింజను గుచ్చండి. ఒక వెడల్పాటి పళ్ళెం నిండా నీళ్ళు పోసి, ఈ రెండింటినీ, వాటితోబాటు రెండు విడి గింజలనూ అడుగున పెట్టండి. మెత్తని ప్లాస్టిక్ సీసాను నీళ్ళతో నింపి, దాని మూతిని నీళ్ళలో ముంచి, కొంచెం నొక్కిపట్టి, గింజకు దగ్గరగా తెచ్చి చటుక్కున వదలండి. సీసా నీళ్ళను పీలుస్తుంది. అదే కార్పు నోరు! మళ్ళీ నొక్కితే ఊదుతుంది.

విడి గింజ ఎట్లా ఎగిరి లోపలికి పోతుందో చూడండి. క్లిప్పుకు గుచ్చిన గింజ ఎట్లా మొరాయిస్తుందో చూడండి. వెంట్రుక కట్టిన గింజ ముందుగా లోపలికి దూకుతుంది. క్లిప్పు దాని వెనక పడుతుంది. తరువాత సీసా బిరడా ముక్క ఒకటి గింజ పక్కన గుచ్చి, కొంచెం కొంచెం చెక్కుతూ శ్రుతి చేసి చూడండి. క్లిప్పు కూడా ఎంత తేలికగా లోపలికి వస్తుందో మీకే తెలుస్తుంది.

ఒక్క మాట: ఈ కట్టంతా అడుగున మేసే చేపలకే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, దానికి మీసాలు కూడా లేవు. అది నీటి పైభాగాన మేస్తుంది. దానికోసం అడుగున ఉండ్రాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దు గూకుతుంది. ఈసారి అంగట్లో చేపలు చూసినప్పుడు ఏది పైన మేసేదో, ఏది కింద మేసేదో నోరు చూసి చెప్పండి. చేపలమ్మే అవ్వను అడిగితే మీరు చెప్పినది సరో కాదో తేల్చేస్తుంది.

పరీక్షలో వాడగా మిగిలిన శనగలు పారేయకండి. ఉప్పు వేసి ఉడికించి, తిరగమోత పెట్టమని అమ్మనడగండి.